మీకు తెలుసా? అవ్వాతాతల ఇల్లూ, ఒళ్లూ!

పెద్దవాళ్ల ఆరోగ్యం అనగానే మనకు బీపీ మాత్రలు, షుగరు పరీక్షలు, వేలూరు ఆసుపత్రి చీటీలే గుర్తొస్తాయి. కానీ ఏ ఇంట్లో ఉంటున్నారు, ఎవరితో ఉంటున్నారు, పొద్దున్నే తలుపు తీస్తే ఎవరు పలకరిస్తున్నారు అన్నవి కూడా ఒంటిని బాగుచేస్తాయట, పాడుచేస్తాయట! పాకాలలో కూర్చుని ప్రపంచమంతా గాలించి పోగేసిన వింతలివి. వీటికో వరస లేదు, ఎక్కడ మొదలుపెట్టినా సరే. పిల్లలు గట్టిగా చదివి వినిపిస్తే అవ్వాతాతలకు మరీ మేలు!

• ఫ్రాన్స్ దేశపు జీన్ కాల్మెంట్ అవ్వ 122 ఏళ్ల 164 రోజులు బతికింది! అసలు తమాషా ఆమె ఇంటి బేరంలో ఉంది. 1965లో ఆమెకు 90 ఏళ్లున్నప్పుడు ఒక లాయరు వచ్చి, ‘నువ్వు బతికినంత కాలం నెలకు 2,500 ఫ్రాంకులు ఇస్తాను, నీ తర్వాత ఇల్లు నాది’ అని రాయించుకున్నాడు. ముప్ఫై ఏళ్లు కట్టీ కట్టీ, 1995లో ఆయనే ముందు పోయాడు! అప్పటికే ఇంటి ధరకు రెట్టింపు పైగా చెల్లించేశాడు, ఆ తర్వాత కట్టే పని ఆయన భార్య మీద పడింది. అవ్వ మాత్రం 110వ ఏడు దగ్గరపడేదాకా తన పనులు తానే చేసుకుంటూ ఒంటరిగానే ఉంది.

• దానికి దగ్గరి బేరం మన బ్యాంకుల్లోనూ ఉంది! 60 దాటినవాళ్లు సొంతింటిని కుదువపెట్టి, అదే ఇంట్లో ఉంటూ, నెలనెలా డబ్బు తీసుకునే పథకం 2007లో వచ్చింది. ఇల్లు పిల్లలకే పోవాలన్న పట్టుదల మనకు ఎక్కువ కాబట్టి దాని జోలికి పోయినవాళ్లు బహు తక్కువ.

• తల్లి ఇంటికీ కొడుకు ఇంటికీ మధ్య ఎంత దూరం ఉండాలి? 1948లో ఇంగ్లండులోని ఉల్వర్‌హాంప్టన్ ఊళ్లో ముసలివాళ్ల బతుకులను పరిశీలించిన షెల్డన్ అనే డాక్టరు ఈ దూరాన్ని గజాలతో కొలవలేదు, భోజనంతో కొలిచాడు! వేడివేడిగా వండింది మళ్లీ పొయ్యి మీద పెట్టే పని లేకుండా మోసుకెళ్లగలిగితే, అంటే ఐదు నిమిషాల నడకలో ఉంటే, పిల్లలు ‘దగ్గర’ ఉన్నట్టే అన్నాడు. జపాన్ వాళ్లు కూడా ‘సూపు చల్లారని దూరం’ అంటూ ఇదే కొలత వాడుకుంటారు. మనకైతే రాగి సంగటితో కొలవాలి! సంగటి ముద్ద చల్లారితే గట్టిపడిపోతుంది కదా, ఆ లెక్కన మన పిల్లలు ఇంకాస్త దగ్గర్లోనే ఉండాలి. ఒకే కప్పు కింద ఉండి తీరాలని లేదు, అలాగని బెంగళూరు దాకా పోయినా కుదరదు. ఈ జాబితా మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన కొలత ఇదే.

• సింగపూరులో అమ్మానాన్నలతో కలిసి ఉండటానికి పాత ఫ్లాటు కొంటే సర్కారు 30,000 సింగపూరు డాలర్లు చేతిలో పెడుతుంది! మన డబ్బులో దాదాపు 20 లక్షలు. కలిసి ఉండలేం అంటారా, 4 కిలోమీటర్ల లోపు కొనుక్కోండి, 20,000 డాలర్లు ఇస్తారు.

• చైనాలో ముసలి తల్లిదండ్రులను అప్పుడప్పుడూ వెళ్లి చూడకపోవడం చట్టాన్ని మీరడమే! 2013 జులై 1 నుంచి ఈ నియమం అమల్లోకి వచ్చింది. ‘అప్పుడప్పుడూ’ అంటే ఎన్నిసార్లో మాత్రం అందులో రాయలేదు.

• మన దేశంలో 60 దాటిన ప్రతి 100 మందిలో ఒంటరిగా ఉండేవాళ్లు ఎందరు? ఊహించండి చూద్దాం. ఇరవై? ముప్ఫై? కాదు, సుమారు ఆరుగురే! 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా జనాన్ని ఇంటింటికీ వెళ్లి అడిగిన ‘లాసి’ సర్వేలో తేలిన సంగతి ఇది. మరో ఇరవై మంది ఇళ్లలో భార్యాభర్తలిద్దరే ఉంటున్నారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది పిల్లల దగ్గరే.

• అదే అమెరికాలో ప్రతి 100 మంది పెద్దవాళ్లలో 27 మంది ఒంటరిగానే ఉంటారు! 130 దేశాల సగటు తీస్తే 16.

• పొలిమేర దాటి తమిళనాడులోకి అడుగుపెట్టండి, లెక్క తారుమారు! 2011లో ఏడు రాష్ట్రాల్లో చేసిన ఒక సర్వేలో అక్కడి ముసలి ఆడవాళ్లలో నూటికి 26 మంది ఒంటరిగా ఉంటున్నట్టు తేలింది. భర్త ముందు పోవడం, పిల్లలు పని కోసం ఊరు దాటడం ఇందుకు కారణాలు.

• 2011 జనాభా లెక్కల్లో 60 దాటిన ఆడవాళ్లలో నూటికి 48 మంది భర్తను పోగొట్టుకున్నవాళ్లు, మగవాళ్లలో భార్యను పోగొట్టుకున్నవాళ్లు 15 మందే! తనకన్నా పెద్దవాడిని చేసుకోవడం, ఆపైన ఆడవాళ్లకే ఆయుష్షు ఎక్కువ కావడం, మళ్లీ పెండ్లి దారి మగవాళ్లకే తెరిచి ఉండటం, ఈ మూడూ కలిసి ఇంత తేడా తెచ్చాయి.

• అమెరికాలో 5,18,240 ముసలి జంటలను తొమ్మిదేళ్ల పాటు గమనించారు! అంటే పది లక్షలకు పైగా మనుషులు. 2011 లెక్కల తిరుపతి నగరం లాంటివి మూడు కలిపినా అంతమంది రారు. తేలిందేమంటే, భాగస్వామి చనిపోయినప్పుడే కాదు, జబ్బుపడి ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా ఇంట్లో మిగిలిన రెండోవాళ్ల ప్రాణానికి ముప్పు పెరుగుతుంది.

• దుఃఖంతో గుండె ఆకారమే మారిపోతుంది! గుండె ఉబ్బి, అడుగు గుండ్రంగా మెడ సన్నగా కనిపించే ఈ జబ్బుకు 1990లో జపాన్ డాక్టర్లు పెట్టిన పేరు ‘టకోత్సుబో’. అది ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరు. ఈ జబ్బు వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది ఆడవాళ్లే, అందులోనూ ఎక్కువగా నెలసరి ఆగిపోయినవాళ్లు.

• కిల్లర్ తిమింగిలాల్లో ముప్ఫై దాటిన మగ తిమింగిలానికి తల్లి చనిపోతే, ఆ తర్వాతి ఏడాదిలో అదీ చనిపోయే ప్రమాదం 14 రెట్లు పెరుగుతుంది! ముసలి తల్లి పిల్లలను కనడం మానేశాక కూడా ఎదిగిన కొడుకుల వెంటే తిరుగుతూ తిండి దొరికే చోట్లు చూపిస్తుందట. అమ్మ కూచి అని ఎవరినైనా వెక్కిరించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి!

• మనవడిని వారానికి ఎన్ని రోజులు అవ్వ దగ్గర వదలాలి? ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 186 మంది ఆడవాళ్ల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధన జవాబు: ఒక్కరోజు! వారానికి ఒకరోజు మనవలను చూసుకునే అవ్వల జ్ఞాపకశక్తి పరీక్షల్లో చురుగ్గా ఉంది. ఐదు రోజులు, అంతకు మించి చూసుకునేవాళ్లు కొన్ని పరీక్షల్లో వెనకబడ్డారు. ఉద్యోగాలకు వెళ్లే కోడళ్లూ, కూతుళ్లూ, నా మీద కోపం తెచ్చుకోకండి. లెక్క వాళ్లది!

• అవ్వకు పింఛను ఇస్తే మనవరాలి ఒంట్లో కండ పట్టింది! దక్షిణాఫ్రికాలో ఈ సంగతి బయటపెట్టింది 2019లో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో. పింఛను అవ్వ చేతికొచ్చిన ఇళ్లలో ఆడపిల్లల ఎదుగుదల మెరుగుపడింది, తాత చేతికొచ్చిన ఇళ్లలో అలాంటి మార్పేమీ కనిపించలేదు. తాతలూ, ఆ డబ్బేం చేశారు మరి?

• మన ఆంధ్రప్రదేశ్‌లో 2014 దాకా నెలకు 200 రూపాయలున్న ముసలివాళ్ల పింఛను 2024కు 4,000 అయ్యింది, అంటే పదేళ్లలో ఇరవై రెట్లు! 2024 జులై 1న అయితే పాత బకాయిలతో కలిపి ఒకేసారి 7,000 చేతికందింది. డబ్బు సంగతి అలా ఉంచండి. ఒకటో తారీఖు రాగానే ఒక మనిషి పింఛను పట్టుకుని ఇంటి ముందుకొచ్చి పేరు పెట్టి పిలవడం, ఆ అవ్వ లేచి వచ్చిందా లేదా అని చూడటం కూడా చిన్న సంగతి కాదని నా లెక్క.

• 148 పరిశోధనలు, 3,08,849 మంది మనుషులు! ఇవన్నీ కలిపి 2010లో లెక్కగట్టిన జూలియన్ హోల్ట్-లన్‌స్టడ్ బృందానికి తేలిందేమంటే, అయినవాళ్లతో, చుట్టుపక్కల వాళ్లతో మంచి సంబంధాలున్నవాళ్లకు బతికే అవకాశం 50 శాతం ఎక్కువ.

• ఇంట్లో ఒంటరిగా ఉంటే మరణ ముప్పు 32 శాతం ఎక్కువ, ఇంటినిండా జనమున్నా మనసులో ఒంటరినే అనుకునేవాళ్లకు 26 శాతం ఎక్కువ! 2015లో అదే బృందం ఈ రెండింటినీ విడివిడిగా తూచింది. ఉమ్మడి కుటుంబమే సర్వరోగ నివారిణి అని చెప్పేవాళ్లు ఈ రెండో అంకెను దాటేసి పోతుంటారు.

• మనుషుల పొత్తు లేకపోతే రోజుకు 15 సిగరెట్లు కాల్చినంత చేటు! 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి తన నివేదికలో ఈ పోలిక ఇచ్చారు. తిన్నె మీద చుట్ట కాలుస్తూ పదిమందితో కబుర్లాడే తాత లెక్క ఏ ఖాతాలో వేయాలో మరి! (చుట్టకు మాత్రం మాఫీ లేదు తాతా.)

• ఒంటరితనం వల్ల ప్రపంచంలో గంటకు సుమారు 100 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో లెక్క చెప్పింది! ఈ వ్యాసం చదవడానికి మీకు పది నిమిషాలు పడితే, ఆలోపు పదహారు మంది.

• ఒంటరితనానికి మంత్రి కూడా ఉన్నాడు! బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఈ బాధ్యతను ఒక్కో మంత్రికి అప్పగించాయి.

• జపాన్‌లో 2024లో 76,020 మంది ఇంట్లో ఒంటరిగా ఉండగానే ప్రాణం విడిచారు! వాళ్లలో 58,044 మంది 65 దాటినవాళ్లని అక్కడి పోలీసు శాఖ లెక్క.

• అదే జపాన్‌లో 1963లో నూరేళ్లు నిండినవాళ్లు 153 మంది, 2025లో 99,763 మంది! నూరు నిండినవాళ్లకు సర్కారు వెండి గిన్నె కానుకగా ఇచ్చేది. గిన్నెల ఖర్చు ఖజానాకు బరువై, 2016 నుంచి వెండి పూత గిన్నెలతో సరిపెట్టింది.

• అమెరికాలోని రోసెటో అనే ఊళ్లో మగవాళ్లు చుట్టలు కాల్చారు, వైను తాగారు, పందికొవ్వుతో వండుకున్నారు, అయినా గుండెపోట్లు చాలా అరుదు! ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ల ఊరది. 1960ల్లో డాక్టర్లు వెళ్లి నీళ్లు చూశారు, తిండి చూశారు, వంశం చూశారు, ఏదీ తేలలేదు. చివరికి కనిపించింది ఒకటే. ఒక్కో ఇంట్లో మూడు తరాలు, సాయంత్రమైతే వీధిలో నడక, కలవాడు లేనివాడి ముందు డాబు చూపించకపోవడం. పక్కనే ఉన్న బాంగోర్ ఊరికి అదే ఆసుపత్రి, అదే నీరు, కానీ ఈ అదృష్టం లేదు. ఆ తర్వాత రోసెటో పిల్లలు పెద్ద కార్లు కొన్నారు, ఊరి బయట కంచెలు వేసి విడివిడి ఇళ్లు కట్టుకున్నారు. గుండెపోట్లు వచ్చేశాయి! యాభై ఏళ్ల మరణాల లెక్కలు పక్కపక్కన పెట్టి 1992లో ప్రచురించారు. రెండూళ్లూ సమానమైపోయాయి.

• 1995లో షికాగోను ఎండలు కాల్చేసినప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు పేటల్లో మరణాలకు పది రెట్ల తేడా! నార్త్ లాన్‌డేల్‌లో లక్షకు 40 మంది పోతే, సౌత్ లాన్‌డేల్‌లో లక్షకు నలుగురే. రెండు పేటల్లోనూ పేదలే, ఒంటరి ముసలివాళ్లూ ఉన్నారు. తేడా వీధిలో ఉంది. మరణాలు తక్కువున్న పేటలో అంగళ్లున్నాయి, జనం తిరుగుతున్నారు, ముసలామె భయం లేకుండా గడప దాటి చల్లటి అంగట్లోకి వెళ్లి కూర్చోగలిగింది. మరణాలు ఎక్కువున్న పేటలో అంగళ్లు మూతబడ్డాయి, వీధి ఖాళీ, తలుపు తీయడానికే భయం.

• 2015 ఎండల్లో మన ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు! ముసలితనంలో దాహం తెలిసే గుణం మందగిస్తుంది కాబట్టి, ‘దాహం లేదు నాయనా’ అని తాత అన్నా సరే, మజ్జిగ చెంబు చేతిలో పెట్టాల్సిందే.

• జింబాబ్వేలో మనోవ్యాధికి మందు చెక్క బల్ల మీద కూర్చున్న అవ్వ! 2006లో డాక్టర్ డిక్సన్ చిబాండా చేతిలో పైసా లేదు, ఆసుపత్రిలో గది లేదు. 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరుబయట బల్లల మీద కూర్చోబెట్టి, దిగులుగా ఉన్నవాళ్ల మాట వినమన్నాడు. పదేళ్ల తర్వాత పద్ధతిగా పరీక్షిస్తే, ఆరు నెలలకు మామూలు వైద్యం పొందినవాళ్లలో సగం మందికి దిగులు లక్షణాలు అలాగే ఉన్నాయి, అవ్వల దగ్గర కూర్చున్నవాళ్లలో నూటికి 14 మందికే! మన ఊళ్లలో మిద్దెలు కట్టేటప్పుడు తిన్నెలు తీసేసి కారు షెడ్లు పెట్టుకుంటున్నాం. ఆసుపత్రి గదుల్ని మనమే పడగొట్టుకుంటున్నాం అన్నమాట!

• హైదరాబాదులోని 41 వృద్ధాశ్రమాల్లో 1,182 మంది కళ్లు పరీక్షిస్తే, నూటికి 30 మందికి చూపు సరిగా లేదు! ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి చేసిన ఈ పరిశీలనలో ఇంకా పెద్ద వింత ఏమిటంటే, ఆ చూపు చాలావరకు తిరిగి తెప్పించగలిగేదే. సగానికి దగ్గరగా శుక్లాలు, నాలుగో వంతు పైగా సరైన కళ్లజోడు లేకపోవడం! నగరం నడిబొడ్డున, నాలుగు అడుగుల్లో కంటి డాక్టరున్నా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లు లేక మసకలోనే ఉండిపోయారు. ఆపరేషన్లు చేసి, కళ్లజోళ్లు ఇచ్చాక ఆ పెద్దవాళ్లలో చూపుతో పాటు దిగులూ తగ్గింది.

• అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటికి చేరేదాంట్లో మూడో వంతే! కంటిపాప చిన్నదై, లోపలి కటకం పసుపెక్కుతుంది. కరెంటు బిల్లు చూసుకుని తాత గదిలో చిన్న బల్బు పెట్టినవాళ్లెవరో చెయ్యెత్తండి!

• కిందపడి ఏటా ప్రపంచంలో 6,84,000 మంది చనిపోతున్నారు! వాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు, పడేదేమో కొండల మీద కాదు, బాత్‌రూములో, గడప దగ్గర, వెలుతురు లేని మెట్ల మీద.

• నేల మీద చక్కలంముక్కలం వేసుకుని కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేవగలరా? బ్రెజిల్ డాక్టర్లు 51 నుంచి 80 ఏళ్ల లోపు 2,002 మందికి ఈ పరీక్ష పెట్టి పదికి మార్కులు వేశారు. మూడు కన్నా ఎక్కువ రానివాళ్లు ఆ తర్వాతి ఏళ్లలో చనిపోయే ప్రమాదం మంచి మార్కులు వచ్చినవాళ్లకన్నా ఐదు రెట్లు! కింద కూర్చుని సంగటి తినే అవ్వ రోజుకు మూడుసార్లు ఈ పరీక్ష రాస్తున్నట్టే. (పక్కన ఎవరూ లేకుండా ప్రయత్నించకండి.)

• 1976లో అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో ఒక అంతస్తు వాళ్లకు తలో మొక్క ఇచ్చి, ‘నీళ్లు మీరే పోసుకోండి, సినిమా ఏ రోజు చూడాలో మీరే చెప్పండి’ అన్నారు! ఇంకో అంతస్తులో అన్నీ నర్సులే చూసుకున్నారు. ఏడాదిన్నర తర్వాత మొక్కలు పెంచుకున్నవాళ్లలో 15 శాతం మంది, అన్నీ చేతికే అందినవాళ్లలో 30 శాతం మంది చనిపోయి ఉన్నారు. ఉన్నది వంద మంది లోపే కాబట్టి మరీ గట్టిగా చెప్పలేం. అయినా, ‘నువ్వేం ముట్టుకోకు అమ్మా, కూర్చో’ అనే ప్రేమను కొంచెం తగ్గించి చూడొచ్చు.

• నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ వృద్ధాశ్రమంలో కాలేజీ పిల్లలకు అద్దె లేని గదులిస్తారు! బదులుగా నెలకు 30 గంటలు ముసలివాళ్లకు మంచి పొరుగువాళ్లలా ఉంటే చాలు.

• అదే దేశంలో మతిమరుపు జబ్బున్నవాళ్ల కోసమే ఒక ఊరు ఉంది! హోగెవీక్‌లో అంగడి, సినిమా హాలు, హోటలు అన్నీ ఉన్నాయి. అంగట్లో లెక్క కట్టేవాళ్లూ, వీధిలో కనిపించే తోటపనివాళ్లూ జబ్బు సంగతి తెలిసిన సిబ్బందే.

• మతిమరుపు జబ్బు మీద ప్రపంచమంతా చేసిన పరిశోధనల్లో మన పొరుగు వేలూరు జిల్లా పల్లెల అవ్వాతాతలూ ఉన్నారు! ఆ బృందం పేరు ‘10/66’. జబ్బున్నవాళ్లలో నూటికి 66 మంది మన లాంటి దేశాల్లో ఉంటే, పరిశోధనలో పదో వంతు కూడా ఇక్కడ జరగడం లేదన్న కోపంతో పెట్టుకున్న పేరు. చదువు రాని అవ్వకు తారీఖు చెప్పమని, వాక్యం రాయమని పరీక్ష పెడితే జబ్బు లేకున్నా తప్పుతుంది కదా? అందుకే బడికి పోనివాళ్లకూ సరిపోయే పరీక్షను వీళ్లు తయారుచేశారు.

• పాకాల నుంచి రైలెక్కి జనం పరుగెత్తే ఆ వేలూరు ఆసుపత్రి 1900లో మొదలైంది ఒకే ఒక్క మంచంతో! ఐడా స్కడర్ అనే డాక్టరమ్మ తన తండ్రి ఇంట్లోనే దాన్ని వేసింది.

• మతిమరుపు జబ్బుల్లో దాదాపు సగం, 45 శాతం, 14 కారణాలను అదుపులో పెడితే తప్పించొచ్చో, వెనక్కి నెట్టొచ్చో అని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్క చెప్పింది! వాటిలో చెవుడు ఒకటి, ఎవరితోనూ కలవకుండా ఉండటం మరొకటి. టీవీ సౌండు పెంచమనే తాతను కసరకండి, చెవి పరీక్ష చేయించండి.

• ముసలితనం మీద ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రం మన తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనే ఉంది! సైకాలజీ విభాగంలో పి.వి.రామమూర్తి, డి.జమున వంటివారు పెద్దవాళ్ల మనసునే కాదు, వాళ్లను చూసుకునే కోడళ్ల, కూతుళ్ల కష్టాన్నీ పరిశోధనలోకి తెచ్చారు.

• క్షయ రోగిని ఆసుపత్రిలో పెట్టినా, ఇంట్లో ఉంచి మందులిచ్చినా ఒకేలా తగ్గుతుందని లోకానికి చూపించింది మన మద్రాసు! 1959లో ఈ ఫలితం వచ్చాక, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి చోట్ల నెలల తరబడి మంచం పట్టి ఉండాల్సిన అవసరం తగ్గిపోయింది.

• పెద్దవాళ్ల కోసం దేశమంతా పనిచేసే 14567 ఫోను నంబరుకు పుట్టిల్లు హైదరాబాదు! 2017లో టాటా ట్రస్టులు అక్కడ మొదలుపెట్టిన సేవను 2021 అక్టోబరు 1న దేశమంతటికీ ఇచ్చారు.

• పిల్లలు లేని పెద్దవాళ్లను ఎవరు చూసుకోవాలి? మన దేశంలో పెద్దవాళ్ల కోసం చేసిన 2007 చట్టం చెప్పే జవాబు వింటే నవ్వొస్తుంది: ఆస్తి ఎవరికి రాబోతోందో వాళ్లే! చూసుకుంటాననే షరతు మీద ఇల్లు రాయించుకుని మాట తప్పితే, ఆ రాతను రద్దు చేయించుకునే దారీ అదే చట్టంలో ఉంది. పెద్దవాళ్లను గాలికొదిలేస్తే మూడు నెలల దాకా జైలు కూడా.

• 2021లో మన రాష్ట్రంలో 60 దాటినవాళ్లు నూటికి 12 మందికి పైగా, 2031కి 16 మందికి పైగా అవుతారని కేంద్రం అంచనా! ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి వీల్లేదన్న పాత నియమాన్ని రాష్ట్ర సర్కారు 2024లో ఎత్తేసింది ఇందుకే.

• వెయ్యి పున్నములు చూడాలంటే ఎన్నేళ్లు బతకాలి? పిల్లలూ, కాగితం తీయండి. పున్నమికీ పున్నమికీ మధ్య 29.53 రోజులు, వెయ్యితో గుణిస్తే 29,530 రోజులు, అంటే 80 ఏళ్ల 10 నెలలు! సహస్ర చంద్ర దర్శనం వేడుక ఎనభై దాటాక చేసేది ఇందుకే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుష్షు సుమారు 32 ఏళ్లు. అప్పట్లో అరవై నిండటమే పండగ. ఇప్పుడో, అరవై చేరినవాళ్లు సగటున ఇంకో 18 ఏళ్లు బతుకుతున్నారు.

• గుంటూరు జిల్లా గుడివాడలో గుడిసె ముందు కట్టెల పొయ్యి మీద వండిన మస్తానమ్మకు లక్షల్లో అభిమానులు! నూరేళ్లు దాటాయని చెప్పే వయసులో, మునిమనవడు 2016లో యూట్యూబులో పెట్టిన వంటలతో ప్రపంచానికి తెలిసిన ఆమె 2018 డిసెంబరులో కన్నుమూసింది.

• టోక్యోలో అందరికన్నా ముసలివాడు, వయసు 111 అని 2010లో దండ వేయడానికి వెళ్తే, ఆయన చనిపోయి ముప్ఫై ఏళ్లు దాటింది! ఇంట్లోవాళ్లు పింఛను మాత్రం తీసుకుంటూనే ఉన్నారు. ఉలిక్కిపడి దేశమంతా వెతికితే, కాగితాల మీద నూరేళ్లు దాటి బతికున్న 2,30,000 మందికి పైగా మనుషుల అడ్రసే లేదు!

• 2024లో ఇగ్ నోబెల్ అనే నవ్వుల బహుమతి కొట్టేసింది కూడా ఇలాంటి లెక్కే! మరీ ఎక్కువ ఏళ్లు బతికినవాళ్లు ఎక్కువగా తేలుతున్నది పుట్టుక కాగితాలు సరిగా లేని చోట్లలోనే అని సాల్ న్యూమన్ అనే పరిశోధకుడు పట్టుకున్నాడు.

• మరి మన అవ్వాతాతల అసలు పుట్టినరోజు ఎప్పుడు? చాలామంది ఆధార్ కార్డుల్లో జనవరి 1! ఏడాది మాత్రమే చెప్పగలిగినవాళ్లకు కంప్యూటరు తనంతట తానే ఆ తారీఖు వేసేసింది. ఈసారి కొత్త సంవత్సరం రోజున మీ వీధిలో ఎంతమంది అవ్వాతాతలకు పుట్టినరోజో ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టండి చూద్దాం!